ఫాంకోనీ అనీమియా ట్రయల్స్: బిడ్డ బాగున్నప్పుడే తీసుకోవాల్సిన నిర్ణయం

కొత్త చికిత్సను మొదట ఎవరి మీద పరీక్షిస్తారు? చాలా జబ్బుల్లో, ఉన్న మందులన్నీ వాడి చూసి ఇక దారి లేదని తేలినవాళ్ల మీద. వాళ్లకు కొత్తగా పోయేదేమీ లేదన్నది దాని వెనకున్న లెక్క. ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే మూలుగను క్రమంగా ఖాళీ చేసే వంశపారంపర్య వ్యాధి ఫాంకోనీ అనీమియాలో ఆ లెక్క తప్పింది. ఈ జబ్బుకు జన్యుచికిత్స ప్రయత్నాలు 1990లలోనే మొదలైనా చాలా ఏళ్లపాటు ఒక్కటీ నిలబడలేదు. ఫలితం కనబడింది జబ్బు ముదరని చిన్నపిల్లల్ని ట్రయల్‌లో చేర్చుకున్నాకే. అంటే బిడ్డ కళ్లెదుట ఆడుకుంటూ ఉండగానే, ఇంకా పూర్తిగా రుజువు కాని చికిత్సకు తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఈ ట్రయల్స్ గురించి వచ్చే వార్తల్లో విజయం అన్న మాట ఉంటుంది గానీ, ఆ సంతకం ఎంత బరువైనదో మాత్రం ఉండదు. ఈ వ్యాధి మీద జరిగిన పరిశోధననంతా ఆ సంతకం దగ్గర నిలబడి చూస్తేనే సరిగా అర్థమవుతుంది.

1927లో స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు గ్విడో ఫాంకోనీ, ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములకు తీవ్రమైన రక్తహీనత, దానితోపాటు పుట్టుకతో వచ్చిన అవయవ లోపాలు ఉండటం గమనించి రాశాడు. చేతి బొటనవేలు లేకపోవడం లేదా సరిగా ఎదగకపోవడం, ముంజేతి ఎముక పొట్టిగా ఉండటం, వయసుకు తగ్గ ఎత్తు రాకపోవడం, ఒంటి మీద లేత కాఫీరంగు మచ్చలు, చిన్న కళ్లు, మూత్రపిండాల లోపాలు తరచూ కనిపించే గుర్తులు. అయితే నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పిల్లల్లో ఇవేవీ కంటికి ఆనవు. అలాంటివాళ్లకు ఏ ఆరేళ్లో ఏడేళ్లో వచ్చి, ముక్కు నుంచి రక్తం కారడమో, దెబ్బ తగలకుండానే ఒళ్లు కమిలిపోవడమో మొదలై, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గాయని తెలిసేదాకా ఎవరికీ అనుమానం రాదు.

కణంలోని డీఎన్‌ఏ రెండు పోగులుగా ఉంటుంది. కణం రెండుగా చీలాలంటే ముందు ఆ పోగులు విడిపోవాలి. కొన్ని రసాయనాలు ఆ రెండింటినీ ఒకదానికొకటి అతికించేస్తాయి. చిక్కుపడ్డ జుట్టులో దువ్వెన ఆగిపోయినట్టు, డీఎన్‌ఏకు నకలు తీసే యంత్రాంగం ఆ అతుకు దగ్గర ఆగిపోతుంది. దాన్ని కోసి, తెగిన చోట మళ్లీ కలిపే పని కొన్ని ప్రొటీన్లు కలిసికట్టుగా చేస్తాయి. వాటిలో ఏ ఒక్కదాని జన్యువు చెడినా వచ్చేది ఇదే జబ్బు. ఇప్పటికి 20కి పైగా అలాంటి జన్యువులు బయటపడ్డాయి. ఒకటి రెండు మినహాయింపులు పోను, బిడ్డకు జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడిన ప్రతులు రెండూ అందాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా చెడిన ప్రతి ఒక్కొక్కటి ఉన్నవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే రోగుల్లో సగానికి పైగా ఫాంక్-ఏ జన్యువు చెడినవాళ్లే. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, ట్రయల్స్ దగ్గర దాని అవసరం పడుతుంది.

మరి పోగుల్ని అతికించే రసాయనాలు ఒంట్లోకి ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలాకాలం దీనికి జవాబు లేదు. 2011లో కేంబ్రిడ్జ్‌లో కె.జె. పటేల్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దారి చూపాయి. శరీరంలో సహజంగా తయారయ్యే ఆల్డిహైడ్లు, అంటే మద్యం విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ లాంటివి, ఈ నష్టం చేస్తున్నాయని తేలింది. ఆల్డిహైడ్లను విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే బలహీనంగా ఉండటం తూర్పు ఆసియాలో చాలామందికి మామూలే. అలాంటి జపాన్ పిల్లలకు ఫాంకోనీ కూడా ఉంటే వాళ్ల మూలుగ మిగతా రోగులకంటే ముందే ఖాళీ అవుతోందని 2013లో అక్కడి పరిశోధకులు చూపించారు. ఒకే జబ్బు ఒక బిడ్డలో రెండేళ్లకే, ఇంకొకరిలో ఇరవై ఏళ్లకు బయటపడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ట్రయల్ ఫలితాలు చదివేటప్పుడు ఈ తేడా పెద్ద తలనొప్పి. మందు ఇచ్చాక రక్తకణాలు నిలకడగా ఉన్నాయంటే మందు పనిచేసిందా, ఆ బిడ్డలో జబ్బే నెమ్మదిగా నడుస్తోందా?

దెబ్బ అన్ని కణాలకూ తగులుతుంది గానీ, ముందుగా ఖాళీ అయ్యేది రక్తకణాలన్నింటినీ పుట్టించే, మూలుగలోని రక్త మూలకణాల నిల్వ. ఈ పిల్లల్లో అది పుట్టేనాటికే తక్కువగా ఉంటుంది, ఏడాది ఏడాదికీ ఇంకా తరుగుతుంది. అదే సమయంలో జన్యుపరమైన పొరపాట్లు పేరుకుని బ్లడ్ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మూలుగ గండం గట్టెక్కినా నోరు, గొంతు, జననాంగాల క్యాన్సర్లు మిగతా జనంలో కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా, ఇరవైల్లో ముప్పైల్లోనే వస్తాయి. పొగాకు ముట్టనివాళ్లకు కూడా.

వ్యాధి నిర్ధారణకు వాడే పరీక్ష ఈ బలహీనత మీదే ఆధారపడింది. రక్తకణాలను ప్రయోగశాలలో పెంచి, వాటికి డీఎన్‌ఏ పోగుల్ని అతికించే మైటోమైసిన్-సి గానీ డైఎపాక్సీబ్యూటేన్ గానీ కొద్దిగా కలుపుతారు. ఆరోగ్యవంతుల కణాలు తట్టుకుంటాయి. ఫాంకోనీ ఉన్నవాళ్ల క్రోమోజోములు విరిగి, ముక్కలు అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. దీన్ని క్రోమోజోమ్ బ్రేకేజ్ టెస్ట్ అంటారు. మూలుగ చెడిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష ఎందుకు తప్పనిసరో మూలుగ మార్పిడి చరిత్ర చూస్తే తెలుస్తుంది.

మోతాదు తగ్గించడమే చికిత్స

ఈ జబ్బులో తొలి పెద్ద ముందడుగు కొత్త మందు వల్ల రాలేదు, పాత మందును బాగా తగ్గించడం వల్ల వచ్చింది. మూలుగ మార్పిడికి ముందు రోగి సొంత మూలుగను ఖాళీ చేయడానికి కీమో ఇస్తారు. పుట్టుకతో కాక మరో కారణంతో మూలుగ చెడే అప్లాస్టిక్ అనీమియా రోగులకు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ మోతాదు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు. ఆ మందు చేసే పనే డీఎన్‌ఏ పోగుల్ని అతికించడం. అందుకే తొలినాళ్లలో ఫాంకోనీ పిల్లలు జబ్బుతో కాక చికిత్సతోనే చనిపోయేవారు. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం ఈ పిల్లల కణాలు ఎంత సున్నితమైనవో గుర్తించి, మోతాదును పదో వంతుకు, కిలోకు 20 మిల్లీగ్రాములకు తగ్గించి, కొద్దిపాటి రేడియేషన్ కలిపి ఇచ్చింది. సరిపోలే అక్కచెల్లెళ్లో అన్నదమ్ములో దాతలుగా ఉన్న పిల్లలు బతకడం అప్పుడు మొదలైంది.

అదే ఆసుపత్రిలో 1988 అక్టోబరులో జరిగింది ప్రపంచంలో తొలి బొడ్డుతాడు రక్త మార్పిడి. అమెరికా నుంచి వచ్చిన ఐదేళ్ల ఫాంకోనీ బాలుడికి, అప్పుడే పుట్టిన చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించారు. ఇండియానాలో హాల్ బ్రాక్స్‌మయర్ ప్రయోగశాల ఆ రక్తాన్ని అతిశీతలంలో ఉంచి భద్రపరచింది. ఈనాడు ఎన్నో రక్తవ్యాధులకు వాడుతున్న పద్ధతి ఈ అరుదైన జబ్బున్న ఒక్క పిల్లవాడితో మొదలైంది. 2000లో అమెరికాలో మరో కుటుంబం, పిండ దశలోనే జన్యుపరీక్ష చేయించి, జబ్బు లేని, అక్కకు దాతగా సరిపోయే బిడ్డను కన్నది. అందుకోసం బిడ్డను కనవచ్చా అన్న చర్చ అప్పట్లో ప్రపంచమంతా సాగింది. ఆ తల్లిదండ్రుల ముందు ఉన్న వేరే దారి, బయటి దాతతో మార్పిడి, ఆ రోజుల్లో ఎంత ప్రమాదమో తెలిసినవాళ్లెవరూ వాళ్లను తప్పుపట్టలేరు.

బయటి దాతల విషయంలో ఫ్లుడారబీన్ అనే మందు చేర్చాక పరిస్థితి మెరుగుపడింది. ఆ తర్వాత రేడియేషన్‌ను పూర్తిగా తీసేయవచ్చా అన్న ప్రశ్న మీద అమెరికాలోని కొన్ని ఆసుపత్రులు కలిసి ట్రయల్ చేశాయి. బయటి దాతలు, పాక్షికంగా సరిపోలిన దాతల నుంచి మార్పిడి చేయించుకున్న 45 మందికి రేడియేషన్ బదులు తక్కువ మోతాదులో బుసల్ఫాన్ అనే కీమో మందు ఇచ్చారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత 80 శాతం మంది జీవించి ఉన్నారు, పదేళ్లలోపు పిల్లల్లో ఫలితం ఇంకా బాగుంది. ఇక్కడా వయసే తేడా తెచ్చింది. ఒక బృందానికి ఇచ్చి మరో బృందానికి ఇవ్వకుండా పోల్చిన ట్రయల్ కాదిది. ఇంత అరుదైన జబ్బులో లాటరీ వేసి రెండు బృందాలుగా విడగొట్టేంతమంది రోగులు ఉండరు.

కొద్దిమందితో రుజువు ఎలా?

పోల్చడానికి రెండో బృందం లేనప్పుడు, చికిత్స లేకపోతే ఏమయ్యేదో చెప్పగలిగేది పాత రికార్డులే. 1982లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఆర్లీన్ ఆవర్‌బాక్ మొదలుపెట్టిన అంతర్జాతీయ ఫాంకోనీ రిజిస్ట్రీ విలువ అక్కడే ఉంది. ఏ వయసులో మూలుగ చెడుతుంది, ఏ జన్యువు ఉన్నవాళ్లకు క్యాన్సర్ ముందుగా వస్తుంది, దాత దొరకనివాళ్లు ఎన్నాళ్లు బతుకుతారు అన్న లెక్కలు దశాబ్దాల పాటు ఓపికగా రాసిపెట్టడం వల్లే ఈనాటి చిన్న ట్రయల్స్‌కు అర్థం వస్తోంది. రిజిస్ట్రీ నడపడం ఎవరికీ పేరు తెచ్చే పని కాదు. కానీ అది లేకపోతే పది మంది పిల్లల మీద చేసిన ట్రయల్ వట్టి పది కథలుగా మిగిలిపోతుంది.

రెండో ఆధారం కుటుంబాలు. అమెరికాలో ఆరెగన్ రాష్ట్ర అటార్నీ జనరల్‌గా, తర్వాత ఆరెగన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడిగా పనిచేసిన డేవ్ ఫ్రోన్‌మయర్, ఆయన భార్య లిన్ కలిసి 1989లో ఫాంకోనీ పరిశోధన నిధిని స్థాపించారు. వాళ్ల ముగ్గురు కూతుళ్లకూ ఈ జబ్బు వచ్చింది, ముగ్గురూ చనిపోయారు. జన్యువుల అన్వేషణకు డబ్బు సమకూర్చడం, ఖండాంతరాల్లో ఉన్న పరిశోధకులను ఏటా ఒకచోట కూర్చోబెట్టడం ఆ నిధి చేసిన పని. మందుల కంపెనీలు తొంగిచూడని కాలంలో ఈ రంగాన్ని బతికించింది ఇలాంటి తల్లిదండ్రులే.

మాత్రల ట్రయల్స్ కథ చిన్నది. 1959 నుంచి వాడుతున్న మగ హార్మోన్ తరహా మందులు సుమారు సగం మందిలో రక్తకణాలను కొంతకాలం పెంచుతాయి. ఆడపిల్లల్లో మగ లక్షణాలు రావడం, కాలేయంలో గడ్డలు పుట్టడం వాటికి చెల్లించే మూల్యం. మధుమేహానికి అందరూ వాడే మెట్‌ఫార్మిన్ ఎలుకల్లో మేలు చేసినట్టు కనబడటంతో, బోస్టన్‌లో మధుమేహం లేని ఫాంకోనీ పిల్లలకు, యువకులకు ఇచ్చి చూశారు. ఫలితం లెక్కకు అందిన 13 మందిలో నలుగురికి రక్తకణాలు మెరుగయ్యాయి. మందు చవక, దుష్ఫలితాలు కొద్ది. అయినా 13 మందిలో నలుగురు అన్నది ఆశకు చాలుతుంది గానీ రుజువుకు చాలదు. అందుకని సొంత నిర్ణయంతో పిల్లలకు ఈ మాత్రలు మొదలుపెట్టడం మంచిది కాదు.

ఇరవై ఏళ్ల వైఫల్యం నేర్పింది

జన్యుచికిత్స ఆలోచన వినడానికి సులువు. రోగి మూలకణాలను బయటికి తీసి, హాని చేయకుండా మార్చిన వైరస్ సాయంతో మంచి జన్యువును లోపలికి పంపి, ఆ కణాలను తిరిగి ఎక్కిస్తారు. కణాలు సొంతవే కాబట్టి దాత కోసం వెతకనక్కర్లేదు, దాత కణాలు రోగి శరీరం మీద తిరగబడతాయన్న భయమూ లేదు. 1990లలో అమెరికాలో చేసిన తొలి ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయంటే, సరిచేయడానికి చాలినన్ని మూలకణాలే చేతికి రాలేదు. జబ్బు ముదిరిన రోగి మూలుగలో అవి దాదాపు ఉండవు. ఉన్న కొద్దిపాటి కణాలు కూడా బయట ప్రయోగశాలలో రోజుల తరబడి ఉంచితే చచ్చిపోయేవి.

ఈలోగా ప్రకృతే ఒక ప్రయోగం చేసి చూపించింది. కొందరు ఫాంకోనీ రోగుల్లో చికిత్స ఏదీ లేకుండానే రక్తకణాలు పెరిగి, మామూలు స్థాయికి రావడం వైద్యులు గమనించారు. లోతుగా చూస్తే, వాళ్ల మూలుగలో ఏదో ఒక మూలకణంలో చెడిన జన్యువు మరో చిన్న మార్పుతో తనంతట తానే సరైంది. ఆ ఒక్క కణం పక్కనున్న బలహీన కణాల మధ్య వేగంగా విస్తరించి, క్రమంగా మూలుగనంతా ఆక్రమించింది. సరైన కణానికి ఈ జబ్బున్న మూలుగలో ఎదురు లేదని దీంతో అర్థమైంది. అలాంటప్పుడు సరిచేసిన కణాలు కొద్దిగా ఉన్నా చాలు. వాటికి చోటు చేయడానికి కీమో ఇవ్వాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు.

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో హువాన్ బుయెరెన్ నాయకత్వంలోని పరిశోధకులు, నినో హెసూస్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2016లో ఈ ఆలోచన మీదే ఫాంకోలెన్ ట్రయల్ మొదలుపెట్టారు. పిల్లల మూలుగ పూర్తిగా చెడక ముందే ఫిల్‌గ్రాస్టిమ్, ప్లెరిక్సాఫోర్ అనే ఇంజెక్షన్లతో మూలకణాలను రక్తంలోకి రప్పించి సేకరించారు. వాటిని వీలైనంత తక్కువ సమయంలో సరిచేసి తిరిగి ఎక్కించారు. ముందు కీమో లేదు, రేడియేషన్ లేదు. 2019లో తొలి నలుగురి ఫలితాలు వచ్చాయి. మొదటి నెలల్లో సరిచేసిన కణాలు చాలా తక్కువ. వాటి వాటా నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. మైటోమైసిన్-సి తగిలినా ఆ పిల్లల మూలుగ కణాలు తట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎక్కువ కణాలు అందినవాళ్లలో ఫలితం మెరుగ్గా ఉంది, ఆలస్యంగా చేరినవాళ్లలో అంతగా లేదు. తర్వాత 2024 చివర్లో వచ్చిన దీర్ఘకాలిక ఫలితాలు కూడా ఈ ధోరణినే చూపించాయి.

విజయం అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. మార్పిడి చేస్తే కొన్ని వారాల్లో రక్తకణాలు లేస్తాయి. ఈ జన్యుచికిత్సలో అలా జరగదు. ఏడాది, రెండేళ్ల పాటు రిపోర్టుల్లో పెద్ద మార్పేమీ కనబడకపోవచ్చు. పైగా తర్వాతి దశ ట్రయల్‌లో ప్రధాన కొలమానం రక్తకణాల సంఖ్య కాదు, పిల్లలు ఎన్నేళ్లు బతికారన్నదీ కాదు. మూలుగ కణాలు మైటోమైసిన్-సిని ఎంతమేరకు తట్టుకుంటున్నాయన్నది కొలిచారు. కనీసం ఐదుగురు పిల్లల్లో ఆ తట్టుకునే శక్తి నిర్ణీత మేరకు పెరిగి, రక్తకణాలు నిలకడగా ఉంటే ట్రయల్ నెగ్గినట్టు. శాస్త్రపరంగా ఇది సహేతుకమైన కొలమానమే, జబ్బు మూలాన్ని నేరుగా కొలుస్తుంది. ఆయుష్షు ఎంత పెరిగిందో తేలేదాకా ఆగాలంటే ఒక తరం గడిచిపోతుంది. అయితే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, మా బిడ్డకు మార్పిడి తప్పుతుందా అన్నది, ఆ కొలమానంతో పూర్తిగా తేలదు.

ఇంకో హద్దు ఉంది. సరిచేసేది రక్త మూలకణాలను మాత్రమే. నోటి పొరలోని కణాలు పుట్టినప్పటిలాగే ఉంటాయి. కాబట్టి జన్యుచికిత్సయినా మార్పిడయినా నోరు, గొంతు క్యాన్సర్ ముప్పును తొలగించదు. మార్పిడి తర్వాత దాత కణాలు ఒంటి మీద తిరగబడితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. జన్యుచికిత్సలో ఆ అదనపు ప్రమాదం లేదన్నది దాని పక్షాన నిలిచే బలమైన వాదన. ఏ దారిన వెళ్లినా జీవితాంతం ఆరు నెలలకోసారి నోరు చూపించుకోవాల్సిందే.

పనిచేస్తున్నా ఆగిపోయిన మందు

మాడ్రిడ్ పద్ధతిని అమెరికాకు చెందిన రాకెట్ ఫార్మాస్యూటికల్స్ తీసుకుని, స్టాన్‌ఫర్డ్, మిన్నెసోటా, లండన్, మాడ్రిడ్‌లలో తర్వాతి దశ ట్రయల్స్ నడిపింది. అనుకున్న కొలమానం అందుకున్నామని ప్రకటించి, అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థల దగ్గరకు అనుమతి కోసం వెళ్లింది. 2025లో మాత్రం కంపెనీ ఖర్చు తగ్గించుకుంటూ ఈ కార్యక్రమాన్ని పక్కన పెట్టింది. అమెరికాలో పెట్టిన దరఖాస్తును వెనక్కి తీసుకుంది. వ్యాపార కారణాలే తప్ప భద్రత విషయంలో అనుమానం వచ్చి కాదని చెప్పింది.

అరుదైన జబ్బుల ట్రయల్స్ గురించి ఎవరూ గట్టిగా చెప్పని నిజం ఇదే. సైన్సు గెలిచిన తర్వాత కూడా మందు రోగికి అందకపోవచ్చు. ఏడాదికి ప్రపంచం మొత్తం మీద ఈ చికిత్సకు తగిన పిల్లలు కొద్దిమందే. ఒక్కొక్కరికి విడిగా తయారుచేయాలి, తయారీ కేంద్రాన్ని ఏడాది పొడవునా నడపాలి. ఆ లెక్క వాటాదారులకు గిట్టుబాటు కాదు. కానీ ఆ ట్రయల్స్‌లో బిడ్డలను చేర్చిన తల్లిదండ్రులు వాటాదారుల కోసం సంతకం పెట్టలేదు. తమ బిడ్డకు కాకపోయినా తర్వాతి బిడ్డకు పనికొస్తుందని పెట్టారు. కంపెనీ వదిలేస్తే ఆ పరిజ్ఞానం, వైరస్ తయారీ విధానం ప్రభుత్వ ఆసుపత్రులకూ విశ్వవిద్యాలయాలకూ దక్కేలా ట్రయల్ ఒప్పందంలోనే రాసి ఉండాలి. ఇది కంపెనీల దయకు వదిలే విషయం కాదు.

మార్పిడి వైపు పరిశోధన ఆగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ముగ్గురు పిల్లలకు బుసల్ఫాన్, రేడియేషన్ రెండూ లేకుండా, రక్త మూలకణాల మీద ఉండే సీడీ117 అనే గుర్తును పట్టుకునే యాంటీబాడీతో మూలుగలో చోటు చేశారు. 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్ల తర్వాత ముగ్గురి రక్తంలోనూ దాదాపు మొత్తం దాత కణాలే ఉన్నాయి. సగం మాత్రమే సరిపోలే దాతల కణాలతోనే ఇది సాధ్యమైంది, అంటే అమ్మో నాన్నో చాలు. కీమో పూర్తిగా పోలేదు, మరికొన్ని మందులు తక్కువ మోతాదులో ఇచ్చారు. ముగ్గురి ఫలితమే అయినా దీని ప్రాధాన్యం పెద్దది. ఇందులో జన్యువుతో పనిలేదు, 20కి పైగా జన్యువుల్లో ఏది చెడినా ఒకటే పద్ధతి.

మన పిల్లల్లో చెడిన జన్యువు వేరు కావచ్చు

తెలుగువాళ్లకు ఆ చివరి మాట ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఇప్పటిదాకా చెప్పుకున్న స్పెయిన్, అమెరికా జన్యుచికిత్స ట్రయల్స్ ఫాంక్-ఏ జన్యువు చెడినవాళ్లకే. ఆ వైరస్ మోసుకెళ్లేది ఆ ఒక్క జన్యువునే. మన దేశ రోగుల్లోనూ ఫాంక్-ఏ ఎక్కువే. అయితే ప్రపంచంలో చాలా అరుదుగా కనిపించే ఫాంక్-ఎల్ మన దేశంలో గణనీయంగా ఉందని 2020లో వచ్చిన పరిశోధన చూపించింది. దానికి కారణం దక్షిణాసియాలో ఎప్పుడో ఒక పూర్వీకుడి నుంచి వ్యాపించిన ఒకే ఒక అక్షరం మార్పు. పైకి చూస్తే ప్రొటీన్‌లో ఏ మార్పూ తేని మార్పులా కనిపిస్తుంది కాబట్టి మామూలు జన్యుపరీక్ష రిపోర్టులో హానిలేనిదిగా పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. నిజానికి అది జన్యు సందేశాన్ని కత్తిరించి అతికించే దశలో చెడగొడుతోంది.

మేనరికాల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు మంది స్త్రీలు రక్తసంబంధీకులనే పెళ్లాడారు. తాతముత్తాతల నుంచి వచ్చిన చెడిన ప్రతి బావకూ మరదలికీ ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఇలాంటి జబ్బులు ఆ ఇళ్లలో ఎక్కువగా బయటపడతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మేనమామను చేసుకున్న తల్లిని వేలెత్తి చూపడం వల్ల బిడ్డకు ఒరిగేదీ లేదు. తర్వాతి కాన్పులో గర్భంలోనే పరీక్ష చేయించుకునే వీలుందని ఆమెకు చెప్పడం మాత్రం వైద్యుల బాధ్యత. ఇంట్లో మిగతా పిల్లలకూ బ్రేకేజ్ టెస్ట్ చేయించాలి. దాతగా అనుకున్న తమ్ముడికే ఇంకా బయటపడని జబ్బు ఉండవచ్చు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఫాంకోనీ అనీమియాను ఒకసారి చికిత్సతో నయమయ్యే వ్యాధుల జాబితాలో చేర్చింది. గుర్తింపు పొందిన కేంద్రాల్లో 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ అలాంటి కేంద్రం. ట్రయల్స్ విషయానికొస్తే, 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు గాయానికీ మరణానికీ పరిహారాన్ని, అవసరమైన సందర్భాల్లో ట్రయల్ తర్వాత కూడా మందును ఉచితంగా ఇవ్వడాన్ని నిర్దేశించాయి. ప్రతి ట్రయలూ ముందుగా సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఎవరైనా అక్కడ చూసుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లలను కూడా అడిగి, వాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలి. ఎక్కడైనా ట్రయల్‌లో చేరమంటే కుటుంబం ముందుగా అడగాల్సినవి: మా బిడ్డలో చెడిన జన్యువు ఏది, ఇది ఆ జన్యువుకేనా? ఇప్పుడు చేరితే తర్వాత మార్పిడికి అడ్డమవుతుందా? ఫలించకపోతే ఎంతకాలానికి తెలుస్తుంది? కంపెనీ మానేస్తే మా బిడ్డను ఏళ్ల తరబడి ఎవరు చూస్తారు? చికిత్సకు డబ్బు అడిగితే మాత్రం అది ట్రయల్ కాదని అనుమానించాలి.

రక్త మూలకణాలలో జన్యువును మార్చి తిరిగి ఎక్కించే పని ఇప్పుడు మన దేశానికి కొత్త కాదు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా-ఎ రోగులు ఐదుగురికి అదే రకం వైరస్‌తో చేసిన చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. ఫాంక్-ఎల్ కోసం అలాంటి వైరస్ తయారుచేయడం సైన్సు పరంగా అందని పని కాదు. విదేశీ కంపెనీకి గిట్టుబాటు కాని లెక్క ప్రభుత్వ నిధులతో నడిచే ఆసుపత్రికీ గిట్టుబాటు కాకూడదని ఏమీ లేదు.

అయితే ట్రయల్‌కు పిల్లలు కావాలి, అదీ మూలుగ ఇంకా మిగిలి ఉన్న పిల్లలు. ఇప్పుడు మన దగ్గర అలాంటి బిడ్డ చాలాసార్లు అప్లాస్టిక్ అనీమియా అన్న పేరుతో తిరుగుతుంటుంది. ఆ జబ్బుకు ఇచ్చే, రోగనిరోధక శక్తిని అణిచే ఏటీజీ, సైక్లోస్పోరిన్ మందులు ఫాంకోనీకి పనిచేయవు, వాటితో విలువైన నెలలు పోతాయి. తప్పు పేరుతోనే మార్పిడికి వెళితే పూర్తి మోతాదు కీమో ప్రాణం మీదికి తెస్తుంది. మూలుగ చెడి ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి పిల్లవాడికీ, ఏటీజీ మొదలుపెట్టక ముందే, బ్రేకేజ్ టెస్ట్ జిల్లా స్థాయి నుంచి నమూనా పంపి చేయించే ఏర్పాటు ఉండాలి. తేలిన ప్రతి కేసునూ జన్యువుతో సహా ఒకే రిజిస్ట్రీలో రాయాలి. ఆ పుస్తకంలో పేర్లు చేరిన తర్వాతే ఫాంక్-ఎల్ పిల్లలు ఎందరున్నారో, వాళ్లలో మూలకణాలు ఇంకా సేకరించగలిగేవాళ్లు ఎందరో, ట్రయల్ మొదలుపెట్టడానికి ఆ సంఖ్య చాలుతుందో లేదో చెప్పగలం.